మోగని డప్పుకు సంతకం

ఫస్టు షిఫ్టుకు పోయే కంపెనీ బస్సు కోసం జనం ఛాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నారు. ఆ పది మంది చూస్తుండగానే షకీలా గబగబా వచ్చి, చేతిలోని జిరాక్సు కాగితాన్ని దేవమ్మ మొహాన కొట్టింది.

"గీ సంతకం నీదా కాదా, దేవక్కా? నీ ఐలన్న మీద ఒట్టేసి చెప్పు!"

దేవమ్మకు చదువు రాదు. రాత్రి బడిలో నేర్చుకున్న తన పేరు మాత్రం గుర్తుపడుతుంది. కాగితం తీసి చూసింది. అడుగున ఉన్నది తన సంతకమే.

"నాదే."

"అయితే సాటినవన్నట్టు! మా గల్లీల డప్పు గొట్టి, వరద సాయం లిస్టుల పేర్లన్ని సదివి, అభ్యంతరముంటే మూడొద్దులల్ల రమ్మని సాటినవన్నట్టు! మేమే చెవిటోళ్లం. మేమే బేవకూఫ్‌లం!"

"నేనెప్పుడు సాటిన షకీలా? నాకు లిస్టే ఇయ్యలే."

"మరి గీ సంతకం మా అమ్మ పెట్టిందా? ఎంతిచ్చిండ్రు నీకు?"

అంతలో బస్సు వచ్చింది. ఎక్కుతున్న వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి, "దేవమ్మ కూడ అమ్ముడువోయిందిరా," అన్నాడు. ఎవరూ కాదనలేదు.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఎందుకు కాదు? గుండ్లగడ్డలో ఆమె చాటింపు మనిషి. మంచినీళ్లు రెండు రోజులు రావన్నా, ఇంటిపన్ను గడువు దాటుతోందన్నా, పోలియో చుక్కలన్నా, ఎవరో కన్నుమూశారన్నా ఆమె డప్పు మోగాకే ఊరు నమ్మేది. పేపర్లో పడింది కదా అంటే, "దేవమ్మ సాటిందా?" అని అడిగేవాళ్లు.

పదహారేళ్లకు జోగిపేట దగ్గరి పల్లె నుంచి ఐలన్నకు పెళ్లామై వచ్చింది. చాటింపు ఐలన్న తాతల నాటి పని. దాంతో కడుపు నిండదు గనుక కాజీపల్లి వైపు ఏదో మందుల కంపెనీలో డ్రమ్ములు దించే కూలికి పోయేవాడు. పదేళ్లు దించాడు. ఆ తర్వాత దగ్గుతో మంచం పట్టాడు. కంపెనీ వాళ్లు ఒకసారి వచ్చి అరడజను ఆపిల్ పండ్లు మంచం మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. మనిషి ఊపిరికి వాళ్లు కట్టిన ఖరీదు అది.

ఆ ఏడే ఊరి బోర్లలో నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. తాగొద్దని చాటాలి. పంచాయతీ వాళ్లు వచ్చి చూస్తే ఐలన్న లేచి కూర్చోలేకపోతున్నాడు. దేవమ్మ గోడకున్న డప్పు దించి, పొయ్యి మంట మీద కాగబెట్టి, భుజాన వేసుకుని బయలుదేరింది. "ఆడది డప్పు గొట్టుడేందిరా, ఇగ జూడనీకి గిదొక్కటే మిగిలింది," అని అరుగుల మీది మగాళ్లు పళ్లికిలించారు.

"నవ్వుండ్రి. కడుపునిండ నవ్వుండ్రి. నవ్వినంక దూపయితే గా బోరు నీళ్లు మాత్రం తాగకుండ్రి, సస్తరు!" అని వాళ్ల ఎదుటే నిలబడి మూడుసార్లు చాటింది. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో ఎవరూ బోరు దగ్గర బిందె పెట్టలేదు. ఐలన్న పోయాక కూడా డప్పు ఆమె భుజం దిగలేదు. పంతొమ్మిదేళ్లు.

చదువు రాని మనిషి అన్ని సంగతులు ఎలా గుర్తుపెట్టుకునేదంటే, ఆమెకో పద్ధతి ఉంది. ఆఫీసువాళ్ల చేత రెండుసార్లు చెప్పించుకుంటుంది. మూడోసారి తనే అప్పజెప్పి, తప్పు లేదనిపించుకున్నాకే డప్పు ఎత్తుతుంది. నీళ్ల కబురుకు ఒక దెబ్బ, పన్నుకు ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. వాకిట్లో అంట్లు తోముకునే ఆడవాళ్లు మాట వినబడకముందే సంగతి పట్టేసేవాళ్లు.

నోటి మాట దగ్గర అంత జాగ్రత్త పడే మనిషి కాగితం దగ్గర పప్పులో కాలేసింది. ఊరు మున్సిపాలిటీలో కలిశాక మైకు ఆటోలు వచ్చాయి. అయినా కొన్ని సంగతులు డప్పుతోనే చాటాలని రూలు మిగిలిపోయింది. 'ఫలానా తేదీన ఫలానా వాడల్లో చాటాను' అన్న రసీదు మీద ఆమె సంతకం పడితేనే ఫైలు కదులుతుంది, ఆమె కూలీ వస్తుంది. ఆఫీసేమో నాలుగు కిలోమీటర్లు. ప్రతిసారీ ఏం తిరుగుతావులే అంటూ వార్డు గుమాస్తా సత్తిబాబు నెలాఖరున రసీదు పుస్తకం పట్టుకుని తనే ఆమె వాకిట్లోకి వచ్చేవాడు. మంచినీళ్లడిగి తాగేవాడు, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయనేవాడు. పది ఖాళీ రసీదుల మీద ఒకేసారి సంతకాలు పెట్టించుకుని, నింపుకునేది తను నింపుకుంటానని పోయేవాడు. ఎంత మంచి సారు అనుకునేది పిచ్చిది. ఆరేళ్లు అలాగే పెట్టింది.

ఇక వరద సంగతి. వాగు ఒడ్డున బస్తీ ఉంది. షకీలా లాంటి కుట్టుపని వాళ్లు కొందరు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ కంపెనీ పనులకొచ్చి రేకుల రూముల్లో కిరాయికి ఉండేవాళ్లు కొందరు. ఆ రూములు ఇరవై రెండూ ఒక్కడివే. అతన్ని ఊరంతా రూముల మల్లేష్ అంటుంది. వాగు కడుపులోకి గోడ జరిపి మరీ కట్టాడు మహానుభావుడు. ఆగస్టులో పై నుంచి వచ్చిన నీళ్లకు పోయే దారి లేక, పొద్దున ఆరు గంటలకు బస్తీ మీద పడ్డాయి. దేవమ్మ ఇల్లు మిట్ట మీద, నీళ్ల ట్యాంకు పక్కన. అక్కడి నుంచి చూసింది. తడిసిన డప్పు మోగదని స్టీలు తాంబాళం, గరిటె పట్టుకుని గల్లీ గల్లీ పరుగెత్తింది. నడుం లోతు నీళ్లలో పిల్లల్ని నెత్తిన పెట్టుకుని జనం బయటపడ్డారు. ప్రాణం ఒక్కటీ పోలేదు. మిగిలినదంతా పోయింది. షకీలావి రెండు కుట్టుమిషన్లు, పెళ్లిళ్లకని జనం ఇచ్చిన పట్టు బట్టలు బురదలో కలిశాయి. ఆ బట్టల వాళ్లు ఇప్పుడు రోజూ ఆమె గుమ్మంలో కూర్చుంటున్నారు.

సర్కారు సాయం ప్రకటించింది. సర్వేకు వచ్చిన వాళ్లు బస్తీలో బురదుందని జీపు దిగలేదు. రోడ్డు మీది హోటల్లో కూర్చుని, మల్లేష్ చెప్పిన పేర్లు రాసుకుని, అతను పెట్టించిన మిర్చి బజ్జీలు తిని పోయారు. ఆ లిస్టును డప్పుతో చాటి, మూడు రోజులు అభ్యంతరాలు తీసుకోవాలన్నది రూలు. చాటితే కదా గుట్టు బయటపడేది! ఖాళీ రసీదు ఉండనే ఉంది. తేదీ రాశారు, వాడల పేర్లు రాశారు, ఫైల్లో పెట్టారు. నెల రోజులు ఆఫీసు చుట్టూ తిరిగిన షకీలాకు, "చాటింపు అయింది, ఎవరూ రాలేదు, లిస్టు ఖాయమైంది," అని సత్తిబాబు ఇచ్చిన జిరాక్సే ఆ రోజు దేవమ్మ మొహాన తగిలింది.

దేవమ్మ ఇంటికి పోలేదు. ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుని, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి నాలుగు కిలోమీటర్లూ నడిచింది. సత్తిబాబు ఫైళ్లు సర్దుకుంటున్నాడు.

"నేను సాటంది సాటినట్టు ఎట్ల రాసినవ్ సారూ?"

"అరవకు దేవమ్మా. ఆఫీసన్నాక ఫైళ్లు ఇట్లనే నడుస్తయ్." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పిచ్చిదానివి, లిస్టుల నీ పేరున్నది తెలుసా? నలభై ఒకటో నంబరు. నేనే పెట్టించిన. ఇల్లు సగం కూలినట్టు."

"నా ఇల్లు కూలుడేంది? నా ఇంట్లకు నీళ్లేడ వచ్చినయ్?"

"కాయితంల వచ్చినయ్. ఊకె వచ్చే పైసలు చేదా నీకు? ఎల్లుండి గురువారం మన ఫంక్షన్ హాల్ల కమిషనర్ మేడం చెక్కులు పంచుతది. పంచినంక ఇగ ఎవడు మొత్తుకున్నా ఏం గాదు. ఇగో, ఈ లిస్టు తీస్కపోయి మల్లేష్‌కియ్యి. ఎవలెవలికి చెప్పాల్నో ఆయన సదివి నీకు చెప్తడు. ఇంటింటికి పోయి సప్పుడు గాకుండ చెవుల చెప్పి రా. డప్పు మాత్రం ముట్టకు."

చదువు రాని మనిషి చేతిలో లిస్టు పెడితే భయమేముంది అనుకున్నాడు. నాలిక చివరిదాకా వచ్చిన బూతును మింగి, దేవమ్మ ఆ కాగితాలు అందుకుంది. తల కూడా ఊపింది.

ఊళ్లోకి తిరిగొచ్చాక మల్లేష్ ఇల్లు కుడివైపు. ఆమె ఎడమ వైపు తిరిగింది. షకీలా తలుపు మొహాన వేయబోతే అడ్డంగా కాలు పెట్టింది.

"నన్ను తర్వాత తిట్టు బిడ్డా, ఎంత తిడ్తవో తిట్టు. ముందుగాల ఇది సదువు."

షకీలా పదో తరగతి దాకా చదివింది. గుమ్మంలోనే కూర్చుని మొదలుపెట్టింది. మొత్తం అరవై ఒక్క పేర్లు. మల్లేష్ పేరు, అతని భార్య శ్రీలత పేరు, తమ్ముడు వంశీ పేరు. హైదరాబాదు హాస్టల్లో చదువుకునే కూతురు లక్ష్మీప్రసన్న పేరు. అమీన్‌పూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్లో ఉండే బావమరిది పేరు. ఐదో అంతస్తుకు నీళ్లెక్కాయట! రూములు ఇరవై రెండూ ఇరవై రెండు ఇళ్లయిపోయి, ఒక్కోదానికి ఒక్కో చుట్టం యజమాని అయ్యాడు. వాటిల్లో బియ్యం, బట్టలు, బకెట్లు పోగొట్టుకున్న కిరాయివాళ్ల పేరు ఒక్కటీ లేదు.

"ముప్పై మూడు. చిన్నరాములు, తండ్రి ఎల్లయ్య."

"ఆగు! ఏ చిన్నరాములు? రేషన్ దుకాణం పక్కపొంటి?"

"ఆయననే."

"ఓరి మీ నోట్ల మన్నువడ! ఆయన సచ్చి మూడేండ్లాయె! ఆయన సావు డప్పు నేనే గొట్టిన!"

షకీలాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. నలభై ఒకటి దగ్గర ఆగి తలెత్తింది.

"ఇది నీ పేరు."

"ఎరికే. నా నోరు ముయ్యనీకి పెట్టిండు. సదువు, ఆపకు."

మొత్తానికి బస్తీవాళ్లవి తొమ్మిదే పేర్లు. ఆ తొమ్మిదీ మల్లేష్‌కు ఓట్లేయించే ఇళ్లవి. దేవమ్మ రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తనే అప్పజెప్పింది. నాలుగు చోట్ల తప్పితే మొదటి నుంచి మళ్లీ చెప్పింది.

"రేపు సాటుత," అంది.

"ఎవలింటరు నీ సాటింపు? పొద్దుగాల నేనే నిన్ను నలుగుట్ల జూటా అన్న. ఇప్పుడు బస్తంత అదే అంటున్నది." షకీలా గొంతులో కోపం ఇంకా పోలేదు. "ఎవలు బయటికి రాకపోతే ఎల్లుండి చెక్కులు పంచుకుంటరు. అంతే, ఖతం."

"రాకపోతె వచ్చేదాంక కొడ్త."

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు దేవమ్మ అట్టపెట్టెలు తగలబెట్టి డప్పు కాగబెట్టింది. వానాకాలపు చెమ్మకు తోలు సాగిపోయి ఉంది, గణగణమనడానికి చాలాసేపు పట్టింది. బస్తీ మొదటి గల్లీలో నిలబడి కొట్టింది. తలుపులు తెరుచుకోలేదు. కిటికీలోంచి ఎవరో, "ఇయ్యాల ఎవలకు అమ్ముతున్నవే?" అన్నారు. ఇంకెవరో చెంబుతో నీళ్లు విసిరారు. ఆమె డప్పును చీర కొంగుతో కప్పుకుంది గానీ కదల్లేదు. కొంగు తీసి మళ్లీ కొట్టింది. ఈసారి చావు దెబ్బ కొట్టింది. ఎవరు పోయారోనని నాలుగు తలుపులు వెంటనే తెరుచుకున్నాయి.

"వినుండ్రి! వరద సాయం లిస్టు సాటుతున్న! నలభై ఒకటో నంబరు, దేవమ్మ, మొగని పేరు ఐలయ్య! ఇల్లు సగం కూలిందని రాసిండ్రు. నా ఇంట్ల సుక్క నీళ్లు రాలే! గీ లిస్టు సాటిన అని కాయితంల సంతకమున్నది. గా సంతకం నాదే! ఏం రాసుకుంటరో అడగకుండ ఖాళీ కాయితం మీద పెట్టిన. నా బుద్ధి గడ్డి తిన్నది. మీ నోటికాడి కూడు నా సంతకంతోనే గుంజుకున్నరు. తిట్టుకుంటే తిట్టుకోండ్రి, గని మిగిలిన పేర్లు ఇని తిట్టుండ్రి! ఒకటో నంబరు..."

పది పేర్లు దాటేసరికి గల్లీ నిండింది. ముప్పై మూడో నంబరు చచ్చిపోయిన చిన్నరాములు అనేసరికి ఆడవాళ్లు దుమ్మెత్తి పోయడం మొదలుపెట్టారు. రెండో గల్లీకి జనం ఆమె వెనకే వచ్చారు. మూడో గల్లీలో మల్లేష్ బుల్లెట్ బండి అడ్డం పెట్టాడు.

"ఎవలిచ్చిండ్రే నీకు హుకుం? బంద్ చెయ్యి! కాళ్లిరగ్గొడ్త!"

దేవమ్మ అతని మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా కొట్టింది. అతని పేరు, భార్య పేరు, తమ్ముడి పేరు, కూతురి పేరు నంబర్లతో సహా అతని ఎదుటే చాటింది. అతను బండి దిగి డప్పు లాక్కోబోయాడు. రాత్రి షిఫ్టు దిగి పడుకోబోతున్న ఒడిశా కుర్రాళ్లు రూముల్లోంచి బయటికొచ్చారు. "సామాన్ హమారా గయా, పైసా ఇస్కో?" పోయింది మన సామాను, పైసలు వీడికా అని ఒకడు పక్కవాణ్ని అడిగాడు. మరోసారి అడిగాడు, ఈసారి మల్లేష్‌నే అడిగాడు. మల్లేష్ చుట్టూ చూశాడు. ఎటు చూసినా జనమే. బండెక్కి, "మీ సంగతి చెప్త," అని గొణుక్కుంటూ పోయాడు.

షకీలా తన గుమ్మంలో కూర్చుని అభ్యంతరాలు రాసింది. మధ్యాహ్నం రెండింటికి నలభై ఏడు కాగితాలయ్యాయి. డ్యూటీ ఎగ్గొట్టిన వాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న వాళ్లు, మంచాల మీంచి లేచొచ్చిన ముసలివాళ్లు, అందరూ కలిసి ఆఫీసుకు నడిచారు.

రేపటి చెక్కుల పంపిణీ కోసం కమిషనర్ మేడం అక్కడే ఉంది. సత్తిబాబు గుమ్మంలోనే చేతులు అడ్డం పెట్టాడు. "గడువు అయిపోయింది! తీసుకోవడం కుదరదు. మేడం, ఈమెనే మేడం, ఆర్డరు లేకుండ లిస్టు సాటింది!"

మేడం కళ్లద్దాలు తీసింది. "ఎవరు చాటమన్నారు నిన్ను? ఉద్యోగం పోతుందని తెలుసా?"

"మీ ఫైలే సాటమన్నది మేడం." దేవమ్మ కొంగు ముడి విప్పి జిరాక్సు ఆమె బల్ల మీద పెట్టింది. "సాటిన అని ఇండ్ల నా సంతకమున్నది. గా తారీఖు నాడు నేను సాటలే. పంతొమ్మిదేండ్ల సంది నేను ఒక్క అబద్ధం సాటలే, ఇప్పుడు నా సంతకం అబద్ధమెట్లయితది? అందుకనే ఇయ్యాల సాటిన. ఇప్పుడది నిజమయింది. మూడొద్దులు ఇయ్యాల్టి సంది లెక్కవెట్టుండ్రి. కాదంటరా? అయితే గా కాయితం దొంగదని మీ చేత్తోని రాసియ్యుండ్రి. రెండిట్ల ఏదైనా నాకు సమ్మతే. మూడోది మాత్రం లేదు."

మేడం సత్తిబాబు వైపు చూసింది. కిటికీ అవతల బస్తీ జనమంతా నిలబడి లోపలికే చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. మేడం జిరాక్సు మీది తారీఖు చదివింది. తర్వాత ఎవరికో ఫోన్ చేసి, రేపు హాలు అక్కర్లేదని చెప్పింది.

"అభ్యంతరాలు ఇటివ్వండి."

షకీలా కట్టంతా బల్ల మీద పెట్టింది. అన్నింటికన్నా పైనున్న కాగితాన్ని మేడం చదివింది. నలభై ఒకటో నంబరు ఇంట్లోకి నీళ్లు రాలేదనీ, ఆ పేరు కొట్టేయాలనీ ఉంది. కింద పేరు చూసి తలెత్తింది.

"ఇది నీ పేరే కదమ్మా? నీకు వచ్చే డబ్బు నువ్వే వద్దంటున్నావా?" ఆమె గొంతు మెత్తబడింది.

ఆ మెత్తదనమే దేవమ్మను అన్నింటికన్నా మండించింది.

"నాకొచ్చేది గాదు మేడం అది. గీ షకీలా మిషన్ పైసలు. మీది గాదు, నాది గాదు. నేనేదో దానం చేస్తున్నట్టు మాట్లాడకుండ్రి. కాయితాలు అందినట్టు ముద్ర గుద్దుండ్రి."

మేడం ముద్ర అడిగింది. సత్తిబాబే సొరుగు లాగి తీసిచ్చాడు.